‘చీటీలు తీశాం’ అంటే సరిపోదు

సంపాదకులకు,

2021 మేలో కృష్ణపట్నంలో ఆనందయ్య కరోనా మందు కోసం జనం బారులు తీరినప్పుడు ‘క్లినికల్ ట్రయల్ పెడితే తేలిపోతుంది కదా’ అన్నవారు చాలామంది. ఆ మాట సగమే నిజం. ట్రయల్ ఎలా జరిపారో రాయకపోతే దాని ఫలితాన్ని నమ్మాలో వద్దో చెప్పలేం.

‘రోగులను యాదృచ్ఛికంగా రెండు గుంపులు చేశాం’ అని ఒక్క వాక్యం రాసి ఊరుకున్న పరిశోధన పత్రాలు కోకొల్లలు. ఓపీ నంబరు సరిసంఖ్య అయితే కొత్త మందు, బేసి అయితే పాతది ఇచ్చి కూడా అదే వాక్యం రాసేయొచ్చు. వచ్చే రోగికి ఏ మందు పడుతుందో డాక్టరుకు ముందే తెలిస్తే, బాగా నీరసించినవాణ్ణి ‘రేపు రా’ అని పంపేస్తాడు. దురుద్దేశమే అక్కర్లేదు, జాలి చాలు.

ఎవరికి ఏ మందో రాసిన చీటీలను కవర్లలో దాచితే, వాటికి వరుస నంబర్లుండాలి, సీలుండాలి, ట్యూబ్‌లైటుకు ఎత్తి పట్టినా లోపలి అక్షరం కనబడకూడదు. అందుకే లోపల అల్యూమినియం రేకు పెడతారు. దాంతోపాటు ఓ కార్బన్ ముక్క. కవరు విప్పేముందే పైన రోగి పేరు, తేదీ రాస్తే లోపలి చీటీ మీద అచ్చు పడుతుంది; తర్వాత దాన్ని ఇంకొకరికి మార్చడం కుదరదు. నలుగురేసి బ్లాకులుగా, బ్లాకులో ఇద్దరికి కొత్తది, ఇద్దరికి పాతది అని పంచితే మరో తంటా: ముగ్గురికి ఏం పడిందో తెలిస్తే నాలుగోది చెప్పేయొచ్చు. బ్లాకు సైజును 4, 6 అని మారుస్తుండాలి, ఆ సంగతి రోగులను చేర్చుకునేవారికి చెప్పకూడదు.

ఇది చాదస్తం కాదు. 1995లో జామా అనే అమెరికా వైద్య పత్రికలో వచ్చిన ఒక విశ్లేషణలో 250 ట్రయల్స్‌ను చూశారు. కేటాయింపును సరిగా దాచని వాటిలో ఆడ్స్ రేషియో (రెండు గుంపుల్లో ఫలితం వచ్చే అవకాశాలను పోల్చే లెక్క) ప్రకారం మందు ప్రభావం 41 శాతం ఎక్కువ చేసి కనబడింది. దాచారో లేదో స్పష్టంగా రాయని వాటిలోనూ 30 శాతం.

పొరపాటు దొర్లే ఇంకో చోటు, మధ్యలో మానేసినవారి లెక్క. గుంపుకు 60 మంది చొప్పున చేరారనుకుందాం. కొత్త మందుకు వాంతులై 9 మంది మానేశారు, 34 మందికి నయమైంది. మిగిలిన 51 మీద లెక్కిస్తే 67 శాతం, చేరిన 60 మీద అయితే 57. పాత మందుతో 33 మందికి, అంటే 55 శాతానికి నయమైతే, కొత్తదాని గొప్ప ఏపాటిది?

వీటన్నిటినీ రాయమనే కన్సార్ట్ మార్గదర్శకాలు 1996 నుంచీ ఉన్నాయి. 2025 సవరణలో 30 అంశాలు. కానీ చెక్‌లిస్టులో పేజీ నంబర్లు నింపి పంపితే పనైపోదు, ఆ పేజీలో సరుకుందో లేదో చూడాలి.

మందుల వార్త వేసేముందు మీ విలేకరులు సీటీఆర్ఐ (మన దేశంలో ట్రయల్స్‌ను నమోదు చేసే రిజిస్ట్రీ) నంబరు అడగాలి. ఆ వెబ్‌సైటులో ఎవరైనా ఉచితంగా వెతకొచ్చు. నమోదు తేదీ, మొదటి రోగిని చేర్చుకున్న తేదీ పక్కపక్కన పెట్టి చూడండి. 2018 ఏప్రిల్ 1 నుంచి నమోదే ముందు జరగాలి. ఆపైన అక్కడ రాసిన ప్రధాన ఫలితమూ, పత్రంలో చాటుకున్నదీ ఒకటేనా అన్నది చూడాలి. నమోదులో ‘ఆరు నెలలకు షుగర్’ అని ఉండి పత్రంలో ‘మూడు నెలలకు బరువు’ అని ఉంటే, ఎందుకు మార్చారో వాళ్లనే అడగండి.

— ఫార్మకాలజీ, బయోస్టాటిస్టిక్స్ అధ్యాపకులు, నెల్లూరు