వాయిదాకు ముందే చేయాల్సిన పని: సంఘం వార్షిక నివేదిక, నల్లగొండ

సభ్యులకు నమస్కారం.

ఈ ఏడాది ఎక్కువగా భూమి దావాల మీదే కూర్చున్నాం. నల్లగొండ, దేవరకొండ, మిర్యాలగూడ కోర్టుల్లో నడుస్తున్న సభ్యుల ఫైళ్లు తిరగేసి, ఏది ఎక్కడ ఆగిందో రాసుకున్నాం. జడ్జి సెలవు, వకీళ్ల బహిష్కరణ మన చేతిలో లేవు. మన చేతిలో ఉండి ఆగిన పనులే ఎక్కువ కనబడ్డాయి.

మొదటి అడ్డు సమన్లు, అంటే ప్రతివాదికి కోర్టు పంపే పిలుపు. బత్తా (వాటిని అందజేయడానికి కోర్టుకు కట్టే రుసుం) కట్టకపోతే కదలవు. ప్రతివాది భివండికో హైదరాబాద్‌కో వలస పోతే, ఊరి చిరునామాకు పంపినవి తిరిగొస్తాయి. ఇప్పుడుంటున్న ఇంటి నంబరు దావా వేసేనాడే ఇవ్వాలి. సమన్లు అందాక జవాబుకు 30 రోజులు, కోర్టు పొడిగిస్తే 90.

అన్నిటికన్నా ఎక్కువ కాలం తినేది పార్టీ, అంటే వాది గానీ ప్రతివాది గానీ, చనిపోవడం. ఏళ్ల తరబడి నడిచే పంపకాల దావాలో ఎవరో ఒకరు పోవడం మామూలే. చనిపోయిన రోజు నుంచి 90 రోజుల్లో వారసులను చేర్చమని పిటిషన్ వేయకపోతే, ఆ మనిషి మేరకు దావా దానంతటదే రద్దవుతుంది. ఆ రద్దును తీయించుకోవడానికి ఇంకో 60 రోజులు. అదీ దాటితే ఆలస్యాన్ని మన్నించమని మరో పిటిషన్. ఇలా మూడు పిటిషన్లు, మూడింటికీ అవతలివాళ్ల కౌంటర్లు (రాతపూర్వక జవాబులు). అసలు దావా పక్కనే పడి ఉంటుంది. అందుకే దినాలు కాగానే మరణ ధ్రువపత్రం, వారసుల పేర్లు, వయసులు, చిరునామాలు వకీలుకు అందాలి. పెళ్లయి పోయిన ఆడపిల్లల పేర్లు వదలొద్దు. మైనర్లుంటే గార్డియన్ పిటిషన్ కూడా అప్పుడే వేయాలి.

సాక్ష్యం దశలో పహాణీల (భూమి ఎవరి సాగులో ఉందో చూపే రెవెన్యూ రికార్డు) సర్టిఫైడ్ నకళ్లు లేక వాయిదా అడిగిన కేసులు చాలానే ఉన్నాయి. తహసీల్దార్ ఆఫీసులో పాత పహాణీ దొరకడానికి టైం పడుతుంది, క్రాస్ (సాక్షిని అవతలి వకీలు ప్రశ్నించడం) ముందురోజు పోతే కాదు. విచారణలో ఒక పార్టీకి మూడు వాయిదాలకు మించొద్దని సివిల్ ప్రొసీజర్ కోడ్ 17వ ఆర్డర్ చెబుతుంది, కాగితం మీద. అవతలివాళ్లు సాగదీస్తే ఖర్చులు వేయమని మన వకీలే అడగాలి.

రాజీ కుదిరేవాటిని లోక్ అదాలత్‌కు పంపాం. అక్కడ తేలితే కోర్టు ఫీజు వాపస్ వస్తుంది, అప్పీలు ఉండదు.

ప్రతి ఫైలు అట్ట మీద 16 అక్షరాల సీఎన్ఆర్ నంబరు (ప్రతి కేసుకూ ఉండే ప్రత్యేక గుర్తింపు నంబరు), కేసు దశ, వచ్చే వాయిదాకు చేయాల్సిన పని రాయిస్తున్నాం. ఉత్త తారీఖు రాసుకుంటే లాభం లేదు.

వచ్చే ఏడాది మహబూబ్‌నగర్ సభ్యుల ఫైళ్లు చూస్తాం. వచ్చేటప్పుడు దావా నకలు, గత మూడు వాయిదాల డాకెట్ ఆర్డర్లు (ఆ రోజు కోర్టు ఫైల్లో రాసిన ఉత్తర్వులు) తెండి.