చిట్టికి అమ్మ ఉత్తరం

చిట్టీ,

ఆశీస్సులు. మాగాయ సీసా చేరినట్టు పార్సిల్ వాళ్ల సందేశం వచ్చింది, నీ దగ్గర నుంచి మాత్రం రాలేదు. తడి గరిటె పెట్టకు, బూజు పడుతుంది. విశాఖలో ఎండలు ఎలా ఉన్నాయి? ఇక్కడ ఆకివీడులో మళ్లీ ఉప్పు నీళ్ల బాధ మొదలైంది. ఉప్పుటేరులో సముద్రపు పోటు పైకి ఎగదన్నుతోంది, బోరు నీళ్లతో పప్పు ఉడకడం లేదు.

సుబ్బులు పిన్ని వచ్చి వెళ్లింది. నువ్వు కొల్లేరు నీళ్ల మీద పరిశోధన మానేసి వేరే అంశానికి మారుతున్నావని ఎవరో చెప్పారట. నేను పట్టించుకోలేదు. నాన్నగారి బీపీ అదుపులోనే ఉంది. రెండో గదికి సున్నం వేయించాం. నీ పుస్తకాలన్నీ బీరువా పైన భద్రంగా ఉన్నాయి.

మారుతున్నావా మరి? మామయ్య చెరువుల కోసమేనా?

2006లో ప్రభుత్వం వాళ్లు కొల్లేట్లో చేపల చెరువుల గట్లు తెంచిన రోజు నీకు గుర్తుండదు, అప్పటికి నీకు అయిదో ఏడు. 1999లోనే +5 కాంటూరు అనే ఎత్తు గీత లోపలి 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యం అన్నారు, 2002లో అంతర్జాతీయ చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలో చేరింది, అయినా చెరువులు తవ్వుతూనే పోయారు. ఆ రోజు పొక్లెయిన్లు వచ్చాయి. మామయ్య చెరువు గట్టు రెండు చోట్ల కోసేసరికి, అరకిలో కూడా తూగని శీలావతి పిల్లలు బురద నీళ్లతో కలిసి బయటికి దూకాయి. ఊరంతా వలలు పట్టుకుని పరుగెత్తింది. నీళ్లు దిగిపోయాక వెదురు గెడలు, వాటికి కట్టిన మేత సంచులు మిగిలాయి. సంచుల చిల్లుల్లోంచి తవుడు ఇంకా కారుతూనే ఉంది. మామయ్య ఆ గెడలు ఒక్కొక్కటే పీకి ఒడ్డున పేర్చాడు, ఎవరినీ సాయం పట్టనివ్వలేదు. అప్పు తీర్చడానికి అత్తయ్య గాజులు కూడా పోయాయి. తాతయ్య మాత్రం, చిన్నప్పుడు దోనెలో కూర్చుని ఇదే నీటిని దోసిలితో తాగేవాళ్లమని చెప్పి ఊరుకున్నారు.

మామయ్య తర్వాత కాంటూరు అవతల పొలం కౌలుకు తీసుకుని మళ్లీ చెరువే వేశాడు. బతకాలి కదా. చేప తినగా మిగిలిన మేత, రెట్ట, మందులు అన్నీ కలిసిన ఆ నీరు మురుగు కాలువలో పడి చివరికి కొల్లేటికే చేరుతోంది. గుర్రపుడెక్క అంతలా బలిసిందంటే ఆ నత్రజని, భాస్వరం వల్లేనని నువ్వే కదా నాకు చెప్పావు. గట్లు తెంచడానికి వచ్చినవాళ్లు, చెడ్డ నీరు వదలకుండా చేప ఎలా పెంచాలో చెప్పి వెళ్లలేదు. నీ జమ్ము మడి ఆ పనే చేస్తుందని నా నమ్మకం. చెరువు నీటిని కొన్నాళ్లు జమ్ము, తుంగ పెరిగిన మడిలో నిలిపి, తేరాక వదలడమంటే రైతుకు చేతకాని పని కాదు. ఎంత నేల పోతుంది, ఎన్నాళ్లు నిలపాలి, ఎంత తేరుతుంది, ఈ లెక్కలు ఎవరో ఒకరు ఓపికగా తేల్చాలి. ఆ ఎవరో నువ్వే ఎందుకు కాకూడదు?

ఉపన్యాసం ఇవ్వకూడదనుకునే కూర్చున్నాను. అయినా ఒక మాట విను. మామయ్య నీరు చెడ్డదని తేలితే చెడ్డదనే రాయి. మనవాళ్లని ఒక అంకె తగ్గించావంటే మిగిలిన అంకెలను ఎవరు నమ్ముతారు? మీ గైడుతో ఏదైనా ఇబ్బంది ఉంటే అది వేరే సంగతి, నాన్నగారు వచ్చి మాట్లాడతారు. డబ్బు చాలకపోతే దాచకు.

మామయ్యను నేనే అడిగాను. చెరువు ఈశాన్యం మూల నీ జమ్ముకు వదిలేస్తానన్నాడు. పట్టుబడి దసరా తర్వాతట. నీళ్లు తోడెయ్యక ముందే వచ్చి సీసాలు నింపుకోమన్నాడు. వచ్చేటప్పుడు మోకాళ్ల దాకా వచ్చే రబ్బరు బూట్లు తెచ్చుకో, పోయినసారి జలగలు పట్టాయి. దోనెలో ఒంటరిగా ఎక్కకు, అబ్బులు బాబాయిని వెంట తీసుకెళ్లు. ఏ బస్సుకు వస్తున్నావో ముందే ఫోను చెయ్యి, నాన్నగారు స్టాండుకు వస్తారు.

మీ అమ్మ