పాత ఫోటో చూపించి క్లెయిమ్ ఆపేస్తారా?

సంపాదకులు గారికి నమస్కారం,

మా తమ్ముడికి బైక్ యాక్సిడెంట్‌లో కుడి భుజం విరిగి మూడు నెలలు పనికి పోలేదు, పర్సనల్ యాక్సిడెంట్ పాలసీ ఉంది కదా అని క్లెయిమ్ పెడితే ఇన్వెస్టిగేటర్ అంటూ ఒకాయన ఇంటికొచ్చి ఫేస్‌బుక్ ఫోటో ప్రింట్ తీసి మా ముందు పెట్టాడు. అందులో వీడు మా చిన్నాన్న కూతురి పెళ్లి బరాత్‌లో రెండు చేతులూ పైకెత్తి డాన్స్ చేస్తున్నాడు. ఆ పెళ్లయి రెండేళ్లు దాటింది సార్! మెమరీస్‌లో వస్తే మళ్లీ షేర్ చేశాడంతే, ప్రింట్‌లో పైన కొత్త తేదీ ఉంది, కింద పాత తేదీ కట్ అయిపోయింది. అది చూపించే క్లెయిమ్ ఆపేశారు.

దొంగ క్లెయిములు పట్టుకోవాల్సిందే, ఆ భారం చివరికి మన ప్రీమియం మీదే పడేది. కానీ ఫోటో ఒక్కటే సాక్ష్యమా? 2009లో కెనడాలోని క్యూబెక్‌లో డిప్రెషన్‌తో సెలవులో ఉన్న ఒకావిడ, బీచ్ ఫోటోలు ఫేస్‌బుక్‌లో చూసి సెలవులో తనకొచ్చే ఇన్సూరెన్స్ డబ్బు ఆపేశారని వాపోయింది, సరదాగా గడపమని డాక్టరే చెప్పారంది పాపం. నవ్వే మొహంలో లోపలి బాధ ఎట్లా కనపడుతుంది?

మనమే పబ్లిక్‌గా పెట్టుకున్నవాటికి 2023 డేటా రక్షణ చట్టం కూడా వర్తించదు, కాబట్టి చూడొద్దని అనలేం, చూసినవాళ్లు అది ఎప్పటి ఫోటోనో కనుక్కుని, వైద్యం చేసిన డాక్టర్‌ని అడిగాకే రిపోర్ట్ రాయాలి.

కంపెనీకి రాతపూర్వకంగా కంప్లయింట్ ఇచ్చాం, పెళ్లి కార్డు, ఎక్స్‌రేలు జత చేశాం. 30 రోజుల్లో జవాబు రాకపోతే హైదరాబాద్‌లో ఇన్సూరెన్స్ ఫిర్యాదులు తేల్చే అధికారి, అంటే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్తాం, అక్కడ ఫీజు కూడా లేదు.

– ఒక పాఠకురాలు, వరంగల్