మా ప్రింటర్‌ను మళ్లీ పని చేయించిన మీకు కృతజ్ఞతలు

రౌటర్ మార్చిన నాటి నుంచి ఆఫీసులో అందరం వాడుకునే ప్రింటర్ ప్రతి కంప్యూటర్‌లోనూ ‘ఆఫ్‌లైన్’ అనే చూపిస్తుండగా, డ్రైవర్లు (కంప్యూటర్ ప్రింటర్‌తో పని చేయించుకునే సాఫ్ట్‌వేర్) తీసేసి మళ్లీ ఎక్కించడంలోనే రెండు రోజులు గడిపిన నాకు ఫోనులో ఎంతో ఓపికగా దారి చూపిన మీకు హృదయపూర్వక కృతజ్ఞతలు. మీరు పేరైనా చెప్పలేదు కాబట్టి ఇలా బహిరంగంగా రాస్తున్నాను.

మీరు డ్రైవర్ ఊసే ఎత్తకుండా, ముందుగా ప్రింటర్ మీది బటన్లతోనే నెట్‌వర్క్ వివరాల పేజీని ప్రింట్ తీసి చదవమన్నారు. పాత రౌటర్ ఉన్నప్పుడు ఎవరో స్థిరంగా పెట్టిన 192.168.0.50 అనే ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌లో ఆ పరికరాన్ని గుర్తించే నంబరు) అందులో అలాగే ఉంది. కొత్త రౌటర్ మాత్రం కంప్యూటర్లకు 192.168.1తో మొదలయ్యే అడ్రస్‌లు ఇస్తోంది. రెండూ వేర్వేరు వరుసల్లో ఉండటంతో కంప్యూటర్లు ప్రింటర్‌ను చేరలేకపోతున్నాయని, లోపం అక్కడే బయటపడింది.

ప్రింటర్‌ను డీహెచ్‌సీపీకి (రౌటరే అడ్రస్ ఇచ్చే పద్ధతికి) మార్పించి, దాని మ్యాక్ అడ్రస్‌కు (పరికరానికి తయారీలోనే ఇచ్చే గుర్తింపు సంఖ్యకు) రౌటర్‌లో ఒక ఐపీని రిజర్వు చేయించి, ఆ తరువాత ఒక్కొక్క కంప్యూటర్‌లోనూ ప్రింటర్ పోర్టును (ప్రింటర్ ఏ అడ్రస్‌లో ఉందో చెప్పే సెట్టింగును) కొత్త అడ్రస్‌కు మార్పించారు. రిజర్వు చేయకపోతే అడ్రస్ ఎప్పుడైనా మారిపోయి ఇదే ఇబ్బంది తిరిగి రావచ్చని మీరు ముందే హెచ్చరించడం, నా దృష్టిలో, అన్నిటికంటే పెద్ద సాయం. చివరి కంప్యూటర్ నుంచి టెస్ట్ పేజీ బయటికి వచ్చేదాకా మీరు ఫోను పెట్టేయలేదు.

ఆ వివరాల పేజీ మీదే కొత్త అడ్రస్‌ను పెన్నుతో రాసి, ప్రింటర్ పక్కన గోడకు అంటించి ఉంచాను.