ఆ పాట రాసింది ఆర్మీ వాళ్లు కాదండీ

ఎడిటర్ గారికి నమస్కారం,

మొన్న మీ ఉత్తరాల కాలమ్‌లో ఒక పాఠకుడు బీటింగ్ రిట్రీట్ (రిపబ్లిక్ డే వేడుకల ముగింపుకి ఢిల్లీలో సైనిక బ్యాండ్లు వాయించే కార్యక్రమం) గురించి రాస్తూ, అందులో వాయించే "అబైడ్ విత్ మీ" అనే ఇంగ్లీషు క్రైస్తవ కీర్తన తెల్లోళ్ల ఆర్మీ ట్యూన్, 2022లో దాన్ని తీసేసి "ఏ మేరే వతన్ కే లోగో" పెట్టడం మంచి పని అన్నారు. పెట్టుకోవడం మానుకోవడం ప్రభుత్వం ఇష్టం, ఆ హిందీ పాట నాకూ ఇష్టమే, కానీ ఆర్మీ ట్యూన్ అనడం మాత్రం తప్పు.

రాసిన హెన్రీ ఫ్రాన్సిస్ లైట్ ఒక చర్చి పాస్టరు. 1793లో స్కాట్లాండ్‌లో పుట్టాడు. తండ్రి ఆర్మీ కెప్టెనే (ఆర్మీతో సంబంధం అంతవరకే), పిల్లాణ్ని ఐర్లాండ్‌లో ఒక స్కూల్లో పడేసి తన దారి తను చూసుకున్నాడు, ఉత్తరం రాసినా కింద నాన్న అని పెట్టకుండా అంకుల్ అని సంతకం చేసేవాడట. తల్లి కూడా పోయింది. ఫీజు కట్టి, సెలవులకి ఇంట్లో పెట్టుకుని చూసుకుంది ఆ స్కూల్ హెడ్మాస్టర్ రాబర్ట్ బరోస్. తర్వాత డబ్లిన్ ట్రినిటీ కాలేజీలో చదివి 1815లో పాస్టర్ అయ్యాడు.

ఇరవై ఏళ్లకి పైగా పనిచేసింది ఇంగ్లండ్ డెవన్ తీరంలో బ్రిక్సమ్ అనే ఊళ్లో, మన నిజాంపట్నం లాగా అంతా చేపల వేట మీద బతికే జనం. వేటకెళ్లే పడవల్లో బైబిల్ ఉండేలా చూశాడు, సముద్రం మీద చదువుకోడానికి ప్రార్థనల పుస్తకం తయారుచేసిచ్చాడు, సండే స్కూల్‌కి వందల మంది పిల్లలు వచ్చేవాళ్లు. ఊపిరితిత్తులు పాడై చలికాలం వస్తే వేరే దేశాలకి పోవాల్సొచ్చేది, 1847 సెప్టెంబర్‌లో ఆఖరి ప్రసంగం చేసి బయల్దేరి నవంబర్ 20న ఇప్పటి ఫ్రాన్స్ దేశపు నీస్‌లో చనిపోయాడు. పాట ఆ ఆఖరి రోజుల్లోదే అంటారు ఎక్కువమంది, చాలా ఏళ్ల ముందే రాశాడనే వాళ్లూ ఉన్నారు.

ఇంకో సంగతి, బ్యాండ్ వాళ్లు వాయించే ట్యూన్ ఆయన వినలేదు. అది 1861లో విలియమ్ హెన్రీ మంక్ కట్టింది, ఆయన కూడా చర్చి మ్యూజిక్ మనిషే. లైట్ సొంతంగా కట్టుకున్న ట్యూన్ వేరే ఉంది, దాన్నెవరూ పెద్దగా పాడరు పాపం. గాంధీ గారికి ఈ పాటంటే ఎంత ఇష్టమో అందరికీ తెలిసిందే, ఆయన ఆర్మీ ట్యూన్ అని ఇష్టపడి ఉంటారా చెప్పండి.

వచ్చే జనవరి 29కి బీటింగ్ రిట్రీట్ వార్త వేసేటప్పుడు పక్కన ఈయన గురించి చిన్న బాక్స్ కట్టండి సార్. వీలైతే ఆ శతాబ్దంలోనే మన తెలుగులో క్రైస్తవ కీర్తనలు రాసిన పురుషోత్తమ చౌదరి గారి గురించి కూడా ఒక ఆదివారం వేయండి, ఆయనా పాస్టరే.

– ఒక పాఠకుడు, గుంటూరు