అనాథ గృహాలకు వెళ్ళే యువతకు ఒక పాత వార్డెన్ మాట

సంపాదకులకు నమస్కారం.

మా చర్చి యువజన సంఘం వారు పదిమంది నేపాల్ వెళ్ళి, కాఠ్మండులోని ఒక అనాథ బాలల గృహంలో పది రోజులు సేవ చేసి వచ్చారన్న వార్తను గత వారం మీ పత్రిక చిత్తూరు జిల్లా పేజీలో ఫొటోతో సహా చదివాను. ఆ పదిమందిలో ఇద్దరు నా కళ్ళముందు పెరిగిన పిల్లలే. వాళ్ళ మనసు మంచిదని తెలుసు కాబట్టే ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను చిత్తూరు దగ్గర ఒక బాలికల గృహంలో పదహారేళ్ళు వార్డెన్‌గా పనిచేశాను. ఏటా సంక్రాంతి దాటాక విదేశాల నుంచి మిషన్ బృందాలు మా గృహానికి వచ్చేవి. ఇప్పుడు మనవాళ్ళు నేపాల్‌లో ఏ గేటు ముందు బస్సు దిగారో, అలాంటి గేటుకు లోపలివైపు నేను అన్నేళ్ళు నిలబడ్డాను. బృందం వస్తోందని తెలియగానే మూడు రోజులు బడి మానిపించి పిల్లలకు స్వాగత నృత్యం నేర్పించేవాళ్ళం. ట్రంకు పెట్టెలో కలరా ఉండల మధ్య దాచిన గౌన్లు తీసి తొడిగించి, అతిథుల బస్సు కదిలిన సాయంత్రమే విప్పించి, ఉతికి, మళ్ళీ పెట్టెలోనే పెట్టేవాళ్ళం.

ఒక ఏడాది వచ్చినవారిలో ఒక అమ్మాయి, ఏడేళ్ళ పాపకు తల నిండా సన్నజడలు అల్లి ఒక్కొక్క జడ కొసకు నీలం పూస కట్టింది. తొమ్మిదో రోజున ఏడుస్తూనే వీడ్కోలు చెప్పి వెళ్ళిపోయింది. ఆ ఏడుపు నిజమైనదే. ఆ పాప మాత్రం నెల రోజుల పాటు ఆ జడలను ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. అక్క వచ్చాక అక్కే విప్పుతుందని పట్టుబట్టింది. తలలో పేలు పడి, గోకిన చోటల్లా పుండ్లు లేచాక ఇద్దరం పట్టుకుని కత్తిరించవలసి వచ్చింది. మరుసటి జనవరిలో వేరే బృందం వచ్చింది. పాప బస్సు దిగిన మొదటి మనిషి చేయి పట్టుకుని, పేరైనా అడగకుండా ఒడిలోకి ఎక్కి కూర్చుంది. ఎంత కలుపుగోలు పిల్లో అని ఆమె మురిసిపోయింది. పక్కనే బియ్యం ఏరుతున్న మా ఆయా మాత్రం, “ఇంట్లో పెరిగే బిడ్డ కొత్త మొహాన్ని చూస్తే తల్లి కొంగు చాటుకు పోతుంది, దీనికి దాక్కోవడానికి కొంగేదీ?” అన్నది.

మా ఆయా బియ్యం ఏరుతూ అన్న మాటను శాస్త్రజ్ఞులు ఏళ్ళ తరబడి పరీక్షించి తేల్చారు. రుమేనియా రాజధాని బుకారెస్ట్‌లో 2000లో మొదలైన పరిశోధనలో, శిశుగృహాల్లో ఉన్న 136 మంది పసివాళ్ళలో సగం మందిని పెంపుడు కుటుంబాలకు అప్పగించి, అందరినీ పెద్దయ్యే దాకా గమనిస్తూ వచ్చారు. కుటుంబాలకు వెళ్ళిన పిల్లల తెలివితేటలు, ఒక మనిషిని నమ్మి అంటిపెట్టుకుని ఉండగల శక్తి, గృహాల్లోనే ఉండిపోయిన వారికంటే మెరుగ్గా కనిపించాయి. రెండేళ్ళు నిండకముందే వెళ్ళినవారిలో ఈ తేడా మరింత స్పష్టంగా ఉంది. పిల్లకు రోజూ అదే మనిషి కావాలి. పది రోజులకొక కొత్త అక్క, కొత్త అన్న వచ్చి గుండెలకు హత్తుకుని వెళ్ళిపోవడం ఆ అవసరాన్ని తీర్చదు సరికదా, విడిచిపోవడమే మనుషుల స్వభావమని పిల్లకు మళ్ళీ మళ్ళీ నేర్పుతుంది.

ఇంతకూ ఆ పాప అనాథ కాదు. తండ్రి పోయాడు, తల్లి ఉంది. మామిడి కాలంలో గుజ్జు ఫ్యాక్టరీలో తోతాపురి కాయలు తరిగేది, మిగిలిన నెలల్లో కూలికి పోయేది. రెండో ఆదివారం నాడు బొరుగుల పొట్లంతో వచ్చి, జామచెట్టు కింద కూతురి తల దువ్వి, చివరి బస్సుకు వెళ్ళిపోయేది. విదేశీ బృందాలు ఉండే వారంలో మాత్రం రావద్దని ఆమెకు కబురు పంపింది నేనే. దాతల ముందు తల్లి కనిపిస్తే బాగుండదని యాజమాన్యం చెప్పింది, నేను పాటించాను. తీర్పు చెప్పే అర్హత నాకు తక్కువే; చూసింది చెప్పే బాధ్యత మాత్రం ఉందనుకుంటున్నాను.

నేపాల్ కథ ఇందుకు భిన్నమైనది కాదు. అక్కడి బాలల గృహాల్లో అత్యధిక భాగం కాఠ్మండు లోయ, పోఖరా, చిత్వన్ వంటి పర్యాటకులు తిరిగే చోట్లనే ఉన్నాయి. పేదరికం ఎక్కువగా ఉన్నది కొండ జిల్లాల్లో అయితే అనాథలు మాత్రం విమానాశ్రయాల దగ్గర ఎందుకు పోగవుతున్నారో మన యువత ఒక్కసారి ఆలోచించాలి. 1996 నుంచి 2006 దాకా సాగిన అంతర్యుద్ధ కాలంలో హుమ్లా వంటి మారుమూల జిల్లాల తల్లిదండ్రులకు, చదువు చెప్పిస్తామని మాటిచ్చి దళారులు వాళ్ళ పిల్లలను కాఠ్మండు గృహాలకు తరలించారు. 2015 ఏప్రిల్ భూకంపం తరువాత, తగిన అనుమతి లేకుండా పిల్లలను జిల్లా దాటించరాదని అక్కడి ప్రభుత్వమే ఆంక్ష పెట్టవలసి వచ్చింది. హైతీలో 2010 జనవరి భూకంపం జరిగిన కొద్ది రోజులకే పదిమంది అమెరికన్ మిషన్ సభ్యులు 33 మంది పిల్లలను సరిహద్దు దాటించబోయి అరెస్టయ్యారు. అనాథలని చెప్పిన ఆ పిల్లలలో చాలామందికి తల్లో తండ్రో బతికే ఉన్నట్టు తేలింది.

మిషన్ సేవనే నేను తప్పుపడుతున్నానని ఎవరూ అనుకోవద్దు. జబ్బు చేస్తే వేలూరు పరుగెత్తే చిత్తూరు వాళ్ళం మనం. అక్కడి సీఎంసీ మిషన్ ఆసుపత్రిని 1900లో ఒకే ఒక్క మంచంతో మొదలుపెట్టిన అమెరికన్ మిషనరీ డాక్టరు ఐడా స్కడర్ 1960లో కన్నుమూసేదాకా ఈ దక్షిణాదిలోనే ఉండిపోయారు. ఆమెకు తిరుగు ప్రయాణపు టికెట్టు తేదీతో పనిలేకపోయింది.

డబ్బు సంగతి కూడా చెప్పాలి. మా సంఘం వారు ఈ యాత్రకు తలకు 60 వేల రూపాయలు పోగుచేసుకున్నారు. మన దేశంలో మిషన్ వాత్సల్య అనే ప్రభుత్వ పథకం కింద, తండ్రి లేని పిల్లలను తల్లి దగ్గరే ఉంచి చదివించడానికి నెలకు 4,000 రూపాయలు ఇస్తారు. అంటే ఏడాదికి 48 వేలు. గ్రామాల్లో కుటుంబ ఆదాయం ఏడాదికి 72 వేలు, పట్టణాల్లో 96 వేలు మించకూడదన్నది నిబంధన. ఒక్కరి ప్రయాణపు ఖర్చుతో ఒక పిల్ల ఏడాది పాటు ఇంట్లో ఉండగలదన్న లెక్క నన్ను చాలా రోజులుగా తొలుస్తోంది. మామిడికాయలు తరిగే ఆ తల్లికి అప్పట్లో కావలసింది కూడా అంతే, కూతురికి నీలం పూసలు కాదు. 2015 నాటి బాల న్యాయ చట్టం సైతం పిల్లలను సంస్థల్లో పెట్టడం చిట్టచివరి మార్గమనే చెబుతోంది.

అయినా వెళ్ళాలనుకునేవారు, మీ దగ్గర ఉన్న పిల్లల్లో ఎంతమందికి తల్లిదండ్రులు ఉన్నారు, నిరుడు ఎంతమందిని ఇంటికి చేర్చారు అని ముందే రాసి అడగాలి. సమాధానం చెప్పడానికి నసిగే గృహానికీ, పోలీసు ధ్రువీకరణ ఏదీ లేకుండా ఎవరు వస్తే వారిని పిల్లల గదుల్లోకి పంపే గృహానికీ వెళ్ళకూడదు. వెళ్ళినవారు కారుతున్న కప్పు బాగుచేయవచ్చు, లెక్కల పుస్తకాలు సరిచూడవచ్చు, ఏళ్ళ తరబడి అక్కడే ఉండే ఆయాలకు ప్రథమ చికిత్స నేర్పవచ్చు. ఇవి ఫొటోలకు పనికిరావు, అదొక్కటే లోపం.

దూరం పోలేనివారికి తిరుపతి రైల్వే స్టేషన్ ఉంది. ఇంటి నుంచి పారిపోయి వచ్చినవారు, కొండమీద రద్దీలో తప్పిపోయినవారు, తమిళం, కన్నడం, హిందీ, ఒడియా మాట్లాడే పిల్లలు అక్కడికి చేరుతూనే ఉంటారు. పిల్లల సహాయ ఫోన్ నంబరు 1098కి కబురు అందితే వారిని 24 గంటల్లో బాలల సంక్షేమ సమితి ముందు హాజరుపరచాలి. ఆ పిల్ల మాట అర్థం చేసుకుని ఊరి పేరు కనిపెట్టడానికి నాలుగు భాషలు వచ్చినవారి సాయం కావాలి. బెంగళూరు, చెన్నైలలో ఉద్యోగాలు చేస్తున్న మన యువతలో చాలామందికి ఆ భాషల్లో కొన్నైనా వచ్చు. సమితి అనుమతి తీసుకుని ఆ పని చేయవచ్చు.

చివరగా మీకు ఒక మనవి. మీరు వేసిన ఫొటోలో పదకొండు మంది పిల్లల ముఖాలు స్పష్టంగా ఉన్నాయి, కింద గృహం పేరు కూడా ఉంది. రక్షణ అవసరమైన పిల్లల ఆనవాళ్ళు పత్రికల్లో ప్రచురించడం మన బాల న్యాయ చట్టం 74వ సెక్షన్ ప్రకారం నేరం. ఆరు నెలల దాకా జైలు, రెండు లక్షల రూపాయల దాకా జరిమానా ఉంటాయి. నేపాలీ పిల్లలకు మన చట్టం వర్తించకపోవచ్చు, మన మర్యాద వర్తిస్తుంది. ఇకమీదట ఇలాంటి ఫొటోలు వేసేటప్పుడు పిల్లల ముఖాలు కనబడకుండా చూడండి.

దసరా సెలవుల్లో సంఘం వారు మళ్ళీ బయలుదేరుతున్నారట. వాళ్ళతో మాట్లాడడానికి పావుగంట ఇమ్మని పాస్టరు గారిని అడిగాను. వచ్చే ఆదివారం ఆరాధన ముగిశాక రమ్మన్నారు.

ఇట్లు,
విశ్రాంత వార్డెన్,
చిత్తూరు