కమిషనర్ గారూ, ఆ అద్దె నోటీసు వెనక్కి తీసుకోండి

అయ్యా, 2025 జూన్ 21న విశాఖ ఆర్కే బీచ్ నుంచి భోగాపురం దాకా చాపలు పరిచి, ప్రధానమంత్రి గారిని పిలిచి యోగా దినోత్సవం చేసిన రాష్ట్రం మనది. సంతోషం. మరి మా వీధి కమ్యూనిటీ హాల్లో రిటైరైన టీచరమ్మ ఒకావిడ ఏడాది పొడవునా, పైసా తీసుకోకుండా, కింద కూర్చోలేని మోకాళ్ల నొప్పుల ముసలమ్మలకి కుర్చీల మీదే ఆసనాలు వేయించి, క్లాసయ్యాక అందరి బీపీ చూసి నోటుబుక్కులో రాసి, చివర్లో హాలు కూడా తనే ఊడ్చి వెళుతుంటే ఆవిడకి కమర్షియల్ అద్దె నోటీసా? ఫీజే లేని చోట వ్యాపారం ఎక్కడుందండీ? పెళ్లిళ్లున్న రోజు ఎలాగూ మేమే తప్పుకుంటున్నాం. పొద్దున 5 నుంచి 7 దాకా ఆ హాలు ఎవరికీ అక్కర్లేదు, కరెంటు బిల్లు చందాలేసుకుని మేం కడతాం. నమ్మకపోతే ఓ రోజు మీరే రండి, బీపీ కూడా చూపించుకోవచ్చు.